వానలో నీరాజనం

సకల బాలజన హృదయాపహారీ! గగనచుంబి చక్రయంత్ర విరాజితా! ముందస్తు రుసుము స్వీకార ధురంధరా! ప్రతిదాన చింతా విదూరా! భాగ్యనగరోపాంత వినోదవన సార్వభౌమా! నీ ద్వారం దాటి మేం బయటికి వచ్చిన పావుగంటకే నా ఫోనుకు నీ సందేశం చేరింది. మా అనుభవం ఎలా ఉందో నాలుగు మాటల్లో చెప్పి, ఐదు నక్షత్రాలు దయచేయమని ఎంతో వినయంగా అడిగావు. అప్పటికి మేం ఐదుగురం మూసేసిన ఒక పాన్‌డబ్బా రేకు కింద, పిక్కల లోతు నీళ్లలో, ఆటో కోసం చూస్తూ నిలబడి ఉన్నాం. అంతటి మహారాజు తడిసిన సామాన్యుల అభిప్రాయం కోసం, వాళ్లు తల తుడుచుకునేదాకా కూడా ఆగలేకపోయాడంటే ఆ ప్రజానురాగానికి నా కళ్లు చెమర్చాయి. వేళ్లు తడిసి ఉండడం వల్ల ఫోను నా మాట వినలేదు. ఇల్లు చేరి, బట్టలు ఆరి, పిల్లల జలుబు కాస్త నెమ్మదించాక స్థిమితంగా కూర్చుని రాస్తున్నాను. నాలుగు మాటలు చాలవు. పూర్తిగా ఆలకించు ప్రభూ.

మాది కోనసీమ. గోదావరి పాయల నడుమ పుట్టినవాళ్లం. కాలవ, వరద, తుపాను మూడూ మాకు ఇంటి చుట్టాల్లాంటివే. చెప్పకుండా వస్తాయి, ఉన్నన్నాళ్లు ఉంటాయి, వెళ్లేటప్పుడు ఎంతో కొంత పట్టుకుపోతాయి. అయితే ఇన్నేళ్లలో ఏ వానా మా దగ్గర ముందుగా టికెట్టు డబ్బులు పుచ్చుకుని కురవలేదు. ఆ లోటు నీ సన్నిధిలో తీరింది.

దసరా సెలవుల్లో హైదరాబాదు తీసుకెళతామని పిల్లలకు ఉగాదినాడు మాటిచ్చాం. మా అబ్బాయికి పదకొండేళ్లు. ఆ రోజు నుంచి గోడ కేలండరులో తేదీలు కొట్టేయడం మొదలుపెట్టాడు. అమ్మాయికి ఏడేళ్లు. ఊరి తీర్థంలో చేత్తో తిప్పే రంగులరాట్నం తప్ప మరొకటి ఎరగదు కాబట్టి, నీ ప్రకటనలో నీలాకాశం మీద నిలబడ్డ పెద్ద చక్రాన్ని చూసి, దాని మీంచి మన ఇల్లు కనిపిస్తుందా అని రోజూ అడిగేది. మా అత్తగారికి డెబ్బై రెండు. గోల్కొండలో రామదాసు ఉన్న బందిఖానా చూస్తే చాలు, ఇంకేమీ వద్దన్నారు. మావారు బడిపంతులు. డీఏ బకాయి వచ్చిన నాడే ఆ డబ్బు విడిగా తీసి పక్కన పెట్టారు. ఏడాదికి ఒక్కసారి ఊరు కదిలే కుటుంబాలు అలాగే కూడబెడతాయి. నీవు ఆ సంగతి మాకంటే బాగా గ్రహించినవాడివి కాబట్టే సెలవు రోజులకు ధర పెంచి, మా కూడబెట్టుకునే అలవాటును గౌరవించావు.

ఇరవై రోజుల ముందు టికెట్లు కొనడానికి కూర్చున్నాం. 'త్వరపడండి, కొన్నే మిగిలాయి' అని ఎర్ర అక్షరాలు మెరిశాయి. పక్కన గడియారం వెనక్కి నడుస్తోంది. మమ్మల్ని ఆలోచన అనే శ్రమ నుంచి విముక్తుల్ని చేసిన ఆ గడియారానికి ముందుగా నా నమస్సులు. పాలకుల దాతృత్వం కూడా ఇక్కడే తలచుకోవాలి. జీఎస్టీ వచ్చిన కొత్తలో వినోదవనాల ప్రవేశాన్ని 28 శాతం వరుసలో, పాన్ మసాలా సరసన కూర్చోబెట్టారు. 2018 జనవరిలో 18కి దించి, పిల్లల కేరింత అంత పెద్ద వ్యసనమేమీ కాదని ఒప్పుకున్నారు. ఆ పన్నూ, నీ 'సౌకర్య రుసుమూ' కలిపి కట్టాం. ఇంట్లో కూర్చుని, మా ఫోనులో, మా కరెంటుతో, మా వేళ్లతో మేమే టికెట్టు తీసుకున్నందుకు మా దగ్గర సౌకర్య రుసుము పుచ్చుకోవడంలోని సౌకర్యం ఎవరిదో అడిగేంత అల్పులం కాము. ఆ సొమ్మును ఇరవై రోజులూ నీవు మాకంటే భద్రంగా కాపాడావు. ఈనాటికీ కాపాడుతూనే ఉన్నావు.

నైరుతి రుతుపవనాలు మామూలుగా అక్టోబరు మధ్యకు గాని తెలంగాణను విడిచిపోవన్నది పొలం దున్నేవాళ్లకు తెలుసు, ఊరి గొడుగులు బాగుచేసేవాడికి తెలుసు, ఐదో తరగతి పిల్లలకూ పాఠంలో చెబుతారు. అంతటి జ్ఞాన భారాన్ని తలకెక్కించుకోకుండా, దసరా నెలలో ఆకాశం ఎప్పుడూ నీలంగానే ఉంటుందని నమ్మి, ఆ నీలాన్నే ముందుగా కొలిచి అమ్మిన నీ నిర్మల చిత్తాన్ని ఏమని పొగడను! బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని రెండు రోజుల ముందే వార్తల్లో చెప్పారు. మావారు బెంగపడి నీ కార్యాలయానికి ఫోను చేశారు. తేదీ మార్చుకోవచ్చా అని అడిగితే, మార్చే ఏర్పాటు లేదని ఎంతో మృదువుగా చెప్పారు. పోనీ, అక్కడ వాన ఉందా అని అడిగారు. "ఇక్కడ చినుకు కూడా లేదు సార్, నిశ్చింతగా రండి" అంది ఒక తీయని గొంతు. ఆ గొంతు వెనక మరెక్కడో సముద్రపు కాకులు అరుస్తున్నాయి. హైదరాబాదుకు సముద్రాన్ని కూడా తెప్పించిన నీ ఘనతకు ఆశ్చర్యపోయాం.

రాజమండ్రిలో రాత్రి రైలెక్కి తెల్లవారి సికింద్రాబాదులో దిగాం. ఆ రోజు చార్మినారు చూశాం. 1591లో కట్టిన నాలుగు మినార్లలో రెండు కనిపించాయి, మిగిలిన రెండు మబ్బులో ఉన్నాయి. మర్నాడు ఉదయం వాతావరణ శాఖ నారింజ రంగు హెచ్చరిక ఇచ్చింది. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని అర్థం. ఆ హెచ్చరికను జంటనగరాల్లో ఇంకెవరు పాటించారో నాకు తెలియదు గానీ, నీవు అక్షరాలా పాటించావు. మేం చేరేసరికి నీ గేటు ముందు వానకోట్ల దుకాణం పూర్తిగా సిద్ధంగా ఉంది. ఊళ్లో యాభై రూపాయలకు దొరికే పలచని ప్లాస్టిక్కు కోటును నీ రాజముద్ర వేసి మూడు వందలకు ఇచ్చి, దానికి కులీన గౌరవం కల్పించావు. ఐదు కొన్నాం. రెండో గంటకే చంకల దగ్గర చిరిగి, గాలి ఆడడానికి అనువుగా మారాయి.

ద్వారపాలకుల శ్రద్ధ మరువరానిది. మా అత్తగారి సంచిలో సున్నుండలు, జంతికలు, ఆత్రేయపురం పూతరేకులు ఉన్నాయి. ఆవిడకు చక్కెర జబ్బు. మాత్ర వేసుకున్న అరగంటలో ఏదో ఒకటి తినాలి కాబట్టి జంతికలు ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటారు. బయటి తిండి లోపలికి రాకూడదన్నది నీ శాసనం. పూతరేకు సంగతి నీకు చెప్పాలి ప్రభూ. కుండ వీపు మీద బియ్యప్పిండి జావ పూసి తీసే ఆ పొర ఎంత పలచనిదంటే, నీటి చుక్క పడితే నిలవదు. అలాంటిదాన్ని పిల్లల నోటికి తగలకుండా కాపాడి, గేటు పక్కన పైకప్పు లేని బల్ల మీద సగౌరవంగా ఉంచారు. సాయంత్రం తిరిగి ఇచ్చేటప్పటికి అట్టపెట్టెలో తియ్యని నీళ్లు ఉన్నాయి. తినే వస్తువును తాగే వస్తువుగా మార్చడానికి ఎవరూ రుసుము అడగలేదు. లోపల నాలుగు ఇడ్లీలు నూట ఎనభై రూపాయలకు దొరికాయి. మా అత్తగారు ఆ ఇడ్లీని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. "దీనికి దణ్ణం పెట్టుకుని తినాలమ్మా" అన్నారు.

పదకొండు గంటలకు వాన మొదలైంది. నీ గృహనిర్మాణ శాస్త్ర పరిజ్ఞానం అప్పుడు గాని మాకు పూర్తిగా దర్శనం కాలేదు. పైకప్పు ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు అన్నది పెద్ద విద్య. నీ రాజ్యంలో బొమ్మల దుకాణానికి పైకప్పు ఉంది. భోజనశాలకు ఉంది. ఫొటోలు అమ్మే మండపానికి ఉంది. డబ్బు చేతులు మారే ప్రతి చోటా చక్కని, గట్టి, ఒక్క బొట్టు కారని పైకప్పు ఉంది. డబ్బు అప్పటికే ఇచ్చేసినవాళ్లు నిలబడే వరుసల మీద మాత్రం ఆకాశాన్నే కప్పుగా ఉంచి, వాళ్లకు ప్రకృతితో నేరుగా సంబంధం కలిగించావు. చంటిపిల్లల్ని చీరకొంగు కింద దాచుకున్న తల్లులు, నెత్తిన తువ్వాలు వేసుకున్న తాతలు, చెప్పులు చేత పట్టుకున్న పిల్లలు, అందరూ ఇనుప గొట్టాల మధ్య వంకరటింకర వరుసలో గంటసేపు నిలబడ్డారు. రెట్టింపు డబ్బు కట్టి 'త్వరిత మార్గం' టికెట్టు కొన్నవాళ్లు పక్క వరుసలో, అంతే వానలో, అంతే సేపు నిలబడ్డారు. ధనిక పేద భేదం లేకుండా అందరినీ సమానంగా తడిపిన నీ అద్వైత దృష్టి ఈ కాలంలో ఎవరికుంది?

మెరుపులు మెరుస్తున్నప్పుడు ఎత్తైన యంత్రాలు ఆపివేయడం ధర్మం. ఆ ధర్మాన్ని నీవు తప్పలేదు, అందుకు నిజంగానే చేతులెత్తి మొక్కుతున్నాను. ఆ ధర్మానికి తోడుబుట్టిన ఇంకో ధర్మం ఉంది గానీ, అది నీ దృష్టికి రాకపోవడం నీ ఏకాగ్రతకు నిదర్శనం. టికెట్టు వెనక అడుగున, ఆవగింజలో సగం ఉన్న అక్షరాల్లో, వాతావరణ కారణాల వల్ల యంత్రాలు నిలిచిపోతే రుసుము వాపసు ఉండదని రాసి ఉంది. మావారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివారు. ప్రకటనలో 'రండి' అన్న మాటను మేడంత ఎత్తున రాయించిన చేయే, ఈ వాక్యాన్ని ఇంత చిన్నదిగా చెక్కించిందంటే ఆ చేతికి తెలియని కొలత లేదు. బియ్యపు గింజ మీద రామాయణం రాసేవాళ్ల గురించి వినడమే గాని, ఆ కళకు ఇంతటి ఆదాయం ఉంటుందని ఊహించలేదు.

యంత్రాలు ఆగినా వినోదం ఆగలేదు. లోపల నీ జగద్విఖ్యాత వర్షనృత్యశాల ఉందని పటంలో చూసి పిల్లలు అటు పరిగెత్తారు. పైన గొట్టాలు, గొట్టాలకు చిల్లులు, మోటారు వేస్తే వాన, పాటలు పెడితే నాట్యం. ఎలాగూ తడిశాం, అక్కడైనా ఆడుకుంటారనుకున్నాం. తలుపు దగ్గర ఒక కుర్రాడు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. వర్షనృత్యం వర్షం కారణంగా రద్దయిందని చెప్పాడు. అతని ముఖంలో ఎక్కడా నవ్వు లేదు. ఉదయం నుంచి ఎంతమందికి అదే మాట చెప్పాడో పాపం, గొంతు బొంగురుపోయింది. అతని బూట్లలోనూ నీళ్లే. ఆ పక్కనే అలల కొలను కూడా మూతబడింది. నిజమైన వానను నెత్తిమీద, నిజమైన అలలను గేటు బయట రోడ్డు మీద ఉచితంగా ఏర్పాటు చేయించి, కృత్రిమమైన వాటి విలువ తగ్గకుండా కాపాడుకున్న నీ రసజ్ఞతను అలంకార శాస్త్రం తెలిసినవాళ్లు విడిగా వర్ణించాలి.

మధ్యాహ్నం మూడు దాటాక నలభై నిమిషాలు వాన వెలిసింది. నీవు రెండు యంత్రాలు తెరిచావు. మా అబ్బాయి వాటిలో పెద్దదాని ముందు అందరికన్నా ముందు నిలబడ్డాడు. ఉదయం టికెట్టు కిటికీ దగ్గర వాడి ఎత్తు కొలిచారు. బూట్లతో, వాన తగలని జుట్టుతో నూట నలభై ఒక్క సెంటీమీటర్లు ఉన్నాడు కాబట్టి పెద్దల టికెట్టు కొనాలన్నారు, కొన్నాం. యంత్రం దగ్గర ఇంకో కొలకర్ర ఉంది. అక్కడ బూట్లు విప్పించారు. తడిసిన జుట్టు నెత్తికి అంటుకుపోయింది. నూట ముప్పై తొమ్మిది. పిల్లవాడని, ఎక్కకూడదని చెప్పారు. ప్రాణరక్షణ కోసం పెట్టిన నియమం మీద నాకు ఒక్క మాట లేదు. డబ్బు లెక్క పెట్టేటప్పుడు వాణ్ని పెద్దవాణ్ని చేసి, ఆట దగ్గరికి వచ్చేసరికి మళ్లీ బాల్యాన్ని ప్రసాదించిన నీ కాలజ్ఞానం మీద మాత్రం ఒక శతకం రాయవచ్చు. కాలాన్ని వెనక్కి తిప్పడం యమధర్మరాజుకు కూడా ఒకే ఒక్కసారి, సావిత్రి కోరితేనే సాధ్యమైంది. నీవు రోజూ చేస్తున్నావు. మావాడు ఏడవలేదు. వంగి బూట్ల తాళ్లు కట్టుకున్నాడు. కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

అమ్మాయి అడిగిన పెద్ద చక్రం ఆ రెండింటిలో లేదు. అది రోజంతా కదలకుండా నిలబడే ఉంది. బుట్టల్లోంచి నీళ్లు ధారలుగా కారుతుంటే, పైబుట్ట మబ్బులో మునిగి, కిందిబుట్ట మాకు అందేంత దగ్గరలో. అక్కడున్న సిమెంటు గట్టు మీద కూర్చుని, "ఇప్పుడు తిరుగుతుందా అమ్మా" అని ఎన్నిసార్లు అడిగిందో లెక్క పెట్టలేదు. చంచలమైన ఈ లోకంలో స్థిరత్వం అంటే ఏమిటో ఏడేళ్ల పిల్లకు అంత ఓపిగ్గా నేర్పిన గురువు నీవే.

వెళ్లే దారి బొమ్మల దుకాణం మధ్య నుంచి తప్ప మరోవైపు లేదు. ఆ దుకాణం వెచ్చగా, పొడిగా, దీపాలతో కళకళలాడుతూ ఉంది. రోజంతా మేం వెతికిన పైకప్పు చివరికి అక్కడ దొరికింది. తిరగని చక్రానికి తిరిగే చిన్న బొమ్మ నాలుగు వందల యాభై. గడప దగ్గర ఒక కాగితం చేతిలో పెట్టారు. మళ్లీ వస్తే టికెట్టు మీద పదిహేను శాతం తగ్గింపు. ముప్పై రోజుల్లో రావాలి. శని, ఆదివారాలూ, పండగలూ, బడి సెలవులూ మినహా. కోనసీమ నుంచి ఒక బడిపంతులు, బడి ఉన్న రోజున, బడికి వెళ్లే పిల్లల్ని తీసుకుని నెల తిరక్కుండా మళ్లీ రావాలని కోరుకున్న ఆ అభిమానం మా సొంత చుట్టాలకు కూడా ఉండదు.

నీ కీర్తిని నీ ఒక్కడి ఖాతాలో వేస్తే నిన్ను కన్న నగరానికి అన్యాయం చేసినదాన్ని అవుతాను. నీ పెంపకం అలాంటిది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయినప్పుడు, అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కిన నూట యాభై మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. అప్పటి ప్రభువులు భయస్తులు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, వరద ఎలా ఆపాలో అడిగి, 1920కల్లా ఉస్మాన్‌సాగర్, 1927కల్లా హిమాయత్‌సాగర్ కట్టించుకున్నారు. ఇప్పటివాళ్లు వీరులు. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది, 2020 అక్టోబరు 13న మళ్లీ నగరం మునిగింది, అయినా చెక్కు చెదరలేదు. చెరువులో మట్టి పోసి మేడ కట్టి, ఆ మేడకు చెరువు పేరే పెట్టి, పోయినవాళ్ల పేరు మనవలకు పెట్టుకునే మన సంప్రదాయాన్ని కాపాడుతున్నారు. నీరు మాత్రం పల్లెటూరి ముసలమ్మలా పాత చిరునామాకే వస్తుంది. వచ్చి, గదుల్లో కూర్చుంటుంది.

ఆ సాయంత్రం మేం నడిచిన రోడ్డు మీద, నీళ్ల మధ్య ఒక చెట్టుకొమ్మ నిలువుగా పాతి ఉంది. దానికి ఎర్రగుడ్డ కట్టారు. పండగ తోరణం కాబోలు అనుకుంది మా అమ్మాయి. మూత లేని మ్యాన్‌హోల్ అని, కాలనీ కుర్రాళ్లు గుర్తుగా కొమ్మ పెట్టారని తరవాత తెలిసింది. నడిరోడ్డు మీద వృక్షారోపణకు ఇంత లోతైన గొయ్యి సిద్ధం చేసి ఉంచే నగరం భూమండలంలో ఎన్ని ఉంటాయి! పిల్లలిద్దరి చేతులూ పట్టుకున్న నా వేళ్లు ఆ రాత్రి చాలాసేపు విప్పుకోలేదు.

క్యాబు కోసం ఫోనులో చూస్తే, మామూలుగా ఐదు వందలయ్యే దూరానికి పదహారు వందలు చూపించింది. వానకు విలువ కట్టడం తెలిసిన విద్యావంతులు. వాళ్ల మధ్య చదువురాని ఒక ఆటో అతను కూడా బతుకుతున్నాడని చెప్పడానికి బాధగా ఉంది. పాలమూరు వైపు మనిషి. మా ముందు ఆపి, "కూసోండ్రి అమ్మా, పోరలు తడుస్తున్రు" అన్నాడు. మా అత్తగారి కాళ్ల కింద తన తువ్వాలు మడిచి వేశాడు. రెండుచోట్ల ఇంజను ఆగితే దిగి మోకాటి లోతు నీళ్లలో తోశాడు. సికింద్రాబాదు చేరడానికి మూడు గంటలు పట్టింది. చివర మీటరు చూసి, ఆ అంకె మాత్రమే అడిగాడు. మావారు ఎక్కువ ఇవ్వబోతే, పిల్లలకు పాలు తాపమన్నాడు. నీలాంటి మహాప్రభువు పక్కనే ఉండి కూడా వ్యాపారం అనే మాటకు అర్థం నేర్చుకోలేకపోయిన ఇలాంటివాళ్ల అజ్ఞానం వల్లే నగరానికి చెడ్డపేరు వస్తోంది.

మర్నాడు సన్నజల్లులో గోల్కొండ ఎక్కాం. ఫతే దర్వాజా దగ్గర పిల్లలు చప్పట్లు కొట్టారు. పైన బాలాహిస్సారు దాకా వినిపిస్తుందంటారు. కింద ఉన్నవాళ్ల చప్పుడు పైనున్నవాళ్లకు వినిపించేలా కట్టడం ఆ కాలపు మేస్త్రీల చాదస్తం. మా అత్తగారు మెట్లన్నీ ఎక్కలేకపోయారు గానీ, రామదాసు బందిఖానా దాకా వచ్చారు. చీకటి గది, గోడ మీద ఆయన చెక్కుకున్నాడని చెప్పే సీతారామలక్ష్మణులు, హనుమంతుడు. వాన జోరందుకోవడంతో అక్కడే ఆగిపోయాం. ఆవిడ గోడకు ఆనుకుని పిల్లలకు కథ చెప్పారు. రామదాసు ఖజానా సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించడం, తానీషా చెరలో వేయించడం, పన్నెండేళ్లకు ఒక రాత్రి రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చి ఆరు లక్షల మొహరీలు కుప్పపోసి రసీదు పుచ్చుకోవడం. మా అబ్బాయి అంతా విని, "అంటే దేవుడు డబ్బు వాపసు ఇచ్చేశాడా నాన్నమ్మా?" అన్నాడు.

"పైసాతో సహా రా. రసీదు కూడా పుచ్చుకున్నాడు."

ప్రభూ, నిన్ను ఆ రాముడితో పోల్చే సాహసం నేను చేయను. పరుల సొమ్ము మీద ఆయనకు మొదటినుంచీ బిడియం. ఎవరో తన కోసం ఖర్చు పెట్టిన సొమ్మును కూడా నిద్ర చెడగొట్టుకుని, నడిరాత్రి మోసుకొచ్చి, లెక్క చూసి చెల్లించే బలహీనత ఆయనది. నీవు అలాంటి చపలచిత్తుడివి కావు. పుచ్చుకున్నదాన్ని పుచ్చుకున్నట్టే ఉంచే ధీరోదాత్తుడివి.

ఐదు నక్షత్రాలు అడిగావు. తప్పకుండా ఇస్తాను. మేం హైదరాబాదులో ఉన్న మూడు రాత్రులూ ఆకాశంలో ఒక్కటి కూడా కనిపించలేదు గాని, ఇంటికొచ్చిన రాత్రి మబ్బు విడిచింది. అమ్మాయి అరుగు మీద కూర్చుని లెక్కపెట్టింది. అందులో ఐదు నీకు కేటాయించమన్నాను. సరే అని, లోపలికి వెళ్లి నీ బొమ్మ కూడా వేసి తెచ్చింది. పెద్ద చక్రం, దాని కింద ఒక గట్టు, గట్టు మీద ఒక పిల్ల. నీలం పెన్సిలు అరిగిపోయేదాకా కాగితమంతా నిలువు గీతలు గీసింది. చక్రం చుట్టూ తిరుగుతున్నట్టు గుర్తులు పెట్టవా అని వాళ్ల అన్న అడిగితే, అది అలా ఉండదుగా అంది. ఆ కాగితం దీనితో జతచేసి పంపుతున్నాను. నీ పోలిక బాగా వచ్చింది.